సోల్, క్లాసిక్ రాక్ ఆల్బమ్స్‌లో ఏది ముందు వినాలి? వాయించిన బృందాన్ని బట్టి ఒక ఎంపిక

1960లు, 70ల నాటి అమెరికన్ సోల్ (అక్కడి నల్లజాతివాళ్ల భావోద్వేగం నిండిన పాటలు), క్లాసిక్ రాక్ వినాలని ఉత్సాహపడేవాళ్లు ముందుగా చేసే పని, వంద గొప్ప ఆల్బమ్స్ అనో ఐదు వందల గొప్ప ఆల్బమ్స్ అనో ఒక జాబితా తెరవడం. పది పేర్లు చదివేసరికి ఏది ముందో తెలియక, చివరికి ఏదో ఒక 'గ్రేటెస్ట్ హిట్స్' పెట్టుకుంటారు. నాలుగు రోజులకు ఆసక్తి పోతుంది. ఇందులో వినేవాళ్ల తప్పేమీ లేదు. ఆ జాబితాలన్నీ గాయకుల పేర్లతో ఉంటాయి. కానీ ఈ సంగీతంలో పాట ఎలా వినపడాలో తేల్చింది చాలావరకు వెనక కూర్చుని వాయించిన బృందం, వాళ్లు వాయించిన గది. అందుకే నా సలహా ఒక్కటే: ముందు బృందాన్ని ఎంచుకోండి. మీకు నచ్చిన డ్రమ్మర్, నచ్చిన బేస్ గిటారిస్టు ఎవరో తెలిస్తే, తర్వాత వినాల్సిన పది ఆల్బమ్స్ కోసం ఎవరినీ అడగక్కర్లేదు.

అప్పట్లో ఈ వాద్యకారుల పేర్లు రికార్డు కవర్ మీద వేసేవారు కాదు. డెట్రాయిట్‌లోని మోటౌన్ కంపెనీలో ఏళ్ల తరబడి హిట్ పాటలకు వాయించిన 'ఫంక్ బ్రదర్స్' పేర్లు ఒక మోటౌన్ ఆల్బమ్ మీద మొదటిసారి కనిపించింది 1971లో, గాయకుడు మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' మీద. మద్రాసు స్టూడియోల్లో మన సినిమా పాటలకు వయొలిన్, గిటార్, తబలా వాయించినవాళ్లను తలచుకుంటే ఈ అన్యాయం తెలుగువాళ్లకు వెంటనే అర్థమవుతుంది. పాట ఊరంతా పాడుకుంటుంది, మధ్యలో ఆ బిట్ వాయించిన మనిషి ఎవరో ఎవరికీ తెలియదు.

ముందు ఒక అరగంట పరీక్ష

ఆల్బమ్ జోలికి వెళ్లే ముందు, ఒకే పాటను రెండు బృందాలు ఎలా వాయించాయో పక్కపక్కన పెట్టి వినండి. అదృష్టవశాత్తు ఆ రోజుల్లో ఒకరి పాట ఇంకొకరు పాడటం మామూలు విషయం, కాబట్టి ఇలాంటి జతలకు లోటు లేదు.

మొదటి జత 'మై గర్ల్'. 1964 చివర్లో టెంప్టేషన్స్ అనే గాయక బృందం పాడిన పాట, డెట్రాయిట్‌లో రికార్డ్ చేసింది. ముందు జేమ్స్ జేమర్సన్ బేస్ ఒక్కటే మొదలవుతుంది. దాని మీద రాబర్ట్ వైట్ గిటార్ మెట్టు మెట్టుగా పైకెక్కుతుంది. ఆ మెట్లు స రి గ ప ద స, అచ్చంగా మన మోహన ఆరోహణ. కొద్దో గొప్పో సంగీతం నేర్చుకున్నవాళ్లు ఒక్కసారికే పట్టేస్తారు. తర్వాత చిటికెలు, డ్రమ్స్, గొంతులు, ట్రంపెట్లు, వయొలిన్లు వంతులవారీగా వచ్చి చేరతాయి. ఎవరు ఎక్కడ రావాలో, ఎక్కడ తగ్గాలో అంతా లెక్క ప్రకారం ఉంటుంది. 1965 జూలైలో ఇదే పాటను మెంఫిస్‌లో ఓటిస్ రెడ్డింగ్ పాడాడు. వయొలిన్లు లేవు, వాటి స్థానంలో ట్రంపెట్, సాక్సోఫోన్. ఓటిస్ బాణీని పట్టుకుని వేలాడడు. మాటను మధ్యలో విరుస్తాడు, ఆగుతాడు, ఒక్క ఉదుటున మళ్లీ అందుకుంటాడు. డెట్రాయిట్ పాటలో ప్రేమించిన కుర్రాడి సంతోషం ఉంటే, మెంఫిస్ పాటలో ఆ సంతోషం ఎక్కడ చేజారిపోతుందోనన్న టెన్షన్ కూడా వినిపిస్తుంది.

రెండో జత 'రెస్పెక్ట్'. చాలామంది ఇది అరెథా ఫ్రాంక్లిన్ పాట అనే అనుకుంటారు. రాసి, ముందు పాడింది ఓటిస్ రెడ్డింగే, 1965లో. ఆయన పాటలో ఇంటికొచ్చిన మగవాడు తనకు కాస్త మర్యాద ఇమ్మని అడుగుతాడు. అరెథా 1967 ఫిబ్రవరి 14న న్యూయార్క్‌లో దాన్ని రికార్డ్ చేసినప్పుడు అడిగేది ఆడమనిషి అయింది. అక్షరం అక్షరం విడదీసి 'ఆర్-ఇ-ఎస్-పి-ఇ-సి-టి' అనడం ఓటిస్ పాటలో అసలు లేదు. అది అరెథా చేర్చింది. వెనక చెల్లెలు కెరొలిన్, అక్క ఎర్మా కోరస్ అందుకున్నారు. మధ్యలో సాక్సోఫోన్ వాయించిన కింగ్ కర్టిస్ భాగం కూడా కొత్తదే. ఓటిస్ పాట పరుగు, అరెథా పాట నిలదీత. రెండింటిలో ఏది మీ ఒంట్లో కదలిక తెస్తుందో చూసుకోండి.

మూడోది రాక్ అభిమానుల కోసం. రోలింగ్ స్టోన్స్ 'శాటిస్‌ఫాక్షన్' 1965 జూన్‌లో అమెరికాలో విడుదలైంది. ఐదారు వారాల్లోనే మెంఫిస్‌లో ఓటిస్ దాన్ని పాడేశాడు. గిటారిస్టు స్టీవ్ క్రాపర్ సూచించేవరకు ఆయన ఆ పాట వినలేదు. స్టోన్స్ పాటలో కీత్ రిచర్డ్స్ గరగరలాడే గిటార్‌తో వాయించిన ముక్కను ఇక్కడ ట్రంపెట్, సాక్సోఫోన్ వాయిస్తాయి. కీత్ మనసులో మొదట ఉన్నది కూడా అదేనట, ఆ ముక్కను ఊదే వాద్యాలు వాయించాలని. రాక్‌కూ సోల్‌కూ మధ్య గోడ ఎంత పలచనో ఈ ఒక్క జతతో తెలిసిపోతుంది.

ఇంకా ఓపిక ఉంటే సామ్ కుక్ 'ఎ చేంజ్ ఈజ్ గాన్నా కమ్' వినండి. 1964 డిసెంబర్‌లో సామ్ కుక్ కాల్పుల్లో చనిపోయాక ఆ పాటను ఓటిస్, అరెథా ఇద్దరూ తమ తమ ఆల్బమ్స్‌లో పాడారు. ఓటిస్ పాటలో వేదన గొంతులో ఉంది. అరెథా పాటలో సగం వేదన ఆమె వాయించిన పియానోలో ఉంది.

డెట్రాయిట్: వాట్స్ గోయింగ్ ఆన్, ఇన్నర్‌విజన్స్

పరీక్షలో మొదటి 'మై గర్ల్' నచ్చిందా? పాట కంటే పాట వెనక జరిగే అల్లికే మీ చెవిని లాగుతోందా? ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ నడక కోసం మళ్లీ మళ్లీ వినే అలవాటు ఉందా? అయితే మీ చోటు డెట్రాయిట్.

బెర్రీ గోర్డీ 1959లో కుటుంబం దగ్గర తీసుకున్న 800 డాలర్ల అప్పుతో మోటౌన్ ప్రారంభించాడు. వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్‌లోని ఒక మామూలు ఇల్లే స్టూడియో. అంతకుముందు గోర్డీ కార్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఆ పద్ధతే పాటలకూ తెచ్చాడు: రాసేవాళ్లు ఒకచోట, వాయించేవాళ్లు ఒకచోట, విడుదలకు ముందు పాట బాగుందో లేదో ఓటు వేసి తేల్చే మీటింగ్. వాయించేవాళ్లు మాత్రం జాజ్ క్లబ్బుల నుంచి వచ్చినవాళ్లు. ఎర్ల్ వాన్ డైక్ కీబోర్డ్, బెన్నీ బెంజమిన్ డ్రమ్స్, జాక్ యాష్‌ఫర్డ్ టాంబరిన్, అందరికంటే ముందు జేమర్సన్ బేస్. ఆయన కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే తీగలు మీటేవాడు. మొదట నేర్చుకున్నది నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బేస్. ఆ చేతివాటం గిటార్‌లోకి వచ్చింది. జేమర్సన్‌కు ముందు పాప్ పాటల్లో బేస్ అంటే చాలావరకు తాళం వేసినట్టు ఒకటే స్వరం కొట్టడం. ఆయన చేతిలో బేస్ రెండో గాయకుడైంది. నన్నడిగితే ఇరవయ్యో శతాబ్దపు పాప్ సంగీతాన్ని ఆయనంతగా మార్చిన వాద్యకారుడు ఇంకొకరు లేరు.

'వాట్స్ గోయింగ్ ఆన్' విడుదలైంది 1971 మేలో. 1969లో బర్క్‌లీలో నిరసనకారుల మీద పోలీసుల దాడి చూసిన ఓబీ బెన్సన్, ఫోర్ టాప్స్ గాయకుడు, టైటిల్ పాటకు బీజం వేశాడు. మార్విన్ తమ్ముడు వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చాడు. మార్విన్‌తో జంటగా పాడే టామీ టెరెల్ 1970లో చిన్న వయసులోనే చనిపోయింది. ఇదంతా ఆ ఆల్బమ్‌లో ఉంది: యుద్ధం, పేదరికం, మత్తుమందు, గాలీ నీరూ పాడవడం, దేవుడు. టైటిల్ పాట విడుదల చేయడం గోర్డీకి ఇష్టం లేదు. విడుదలయ్యాక అది పెద్ద హిట్ అయింది.

వినేటప్పుడు మూడు విషయాలు పట్టించుకోండి. మొదటిది, పాట మొదట్లోని సాక్సోఫోన్. ఎలీ ఫాంటెయిన్ వేడెక్కడానికి ఊరికే ఊదుతుంటే మార్విన్ అదే చాలని ఉంచేశాడు. రెండోది, మార్విన్ గొంతు ఒకటి కాదు, రెండు. విడివిడిగా పాడిన రెండు ట్రాకులను ఇంజనీర్ పొరపాటున కలిపి వినిపిస్తే, అది నచ్చి అలాగే వాడాడు. మూడోది జేమర్సన్. ఆ రాత్రి ఆయన తాగి ఉండి, కుర్చీలో నిలవలేక, నేల మీద వెల్లకిలా పడుకుని టైటిల్ పాట వాయించాడని చెప్పుకుంటారు. ఆ బేస్ వింటే నమ్మడం కష్టం. ఆల్బమ్‌లో అన్నిటికీ ఆయనే వాయించలేదు. 'మెర్సీ మెర్సీ మీ', 'ఇన్నర్ సిటీ బ్లూస్' రెండూ బాబ్ బాబిట్ వాయించినవి. ఇద్దరికీ తేడా తెలిసేదాకా వినడం ఒక మంచి సాధన.

స్టీవీ వండర్ 'ఇన్నర్‌విజన్స్' 1973లో వచ్చింది. కంపెనీ అదే, పద్ధతి పూర్తిగా వేరు. 21 ఏళ్లు నిండాక స్టీవీ కంపెనీతో కొత్త ఒప్పందం చేసుకుని, పాటల మీద పెత్తనం తన చేతిలోకి తెచ్చుకున్నాడు. మాల్కం సెసిల్, రాబర్ట్ మార్గూలెఫ్ తయారుచేసిన 'టోంటో' అనే భారీ సింథసైజర్‌తో పనిచేశాడు. 'లివింగ్ ఫర్ ది సిటీ'లో గొంతు, డ్రమ్స్, బేస్, కీబోర్డ్ అన్నీ ఆయనే. మిసిసిపీ నుంచి న్యూయార్క్ వచ్చిన నల్లజాతి యువకుడు బస్సు దిగీ దిగగానే జైలుపాలయ్యే కథ అది. ఒక్కడే ఇన్ని వాయించినా పాటలో జీవం తగ్గలేదంటే కారణం ఆయన డ్రమ్స్. కొంచెం అటూ ఇటూ ఊగుతాయి, ఆ ఊగడమే పాటకు అందం.

రెండింటిలో ఏది ముందంటే నేను తడుముకోకుండా 'వాట్స్ గోయింగ్ ఆన్' అంటాను. 35 నిమిషాలే. పాటకూ పాటకూ మధ్య ఖాళీ లేకుండా ఒకే రాగమాలికలా సాగుతుంది. సింథసైజర్ శబ్దాలు ఇష్టపడేవాళ్లు, రెహమాన్ పాటలతో పెరిగినవాళ్లు మాత్రం స్టీవీతో మొదలుపెట్టినా నష్టం లేదు. 'సాంగ్స్ ఇన్ ది కీ ఆఫ్ లైఫ్' ఆయన ఆల్బమ్స్‌లో అందరూ ముందు చెప్పే పేరే గానీ, అది మరీ పెద్దది. తర్వాతకు ఉంచుకోండి.

మెంఫిస్: ఓటిస్ బ్లూ

డెట్రాయిట్‌కు పూర్తిగా ఎదురు మెంఫిస్‌లోని స్టాక్స్. జిమ్ స్టీవర్ట్, ఆయన అక్క ఎస్టెల్ ఆక్స్టన్ కలిసి నడిపిన కంపెనీ. మూతపడ్డ ఒక సినిమా హాలును స్టూడియోగా మార్చారు. హాలు నేల వాలుగానే ఉండిపోయింది, ఆ గది ధ్వని అందుకే ప్రత్యేకం అంటారు. ఇక్కడి ప్రధాన బృందం నలుగురు: ఆర్గన్ బుకర్ టి. జోన్స్, గిటార్ స్టీవ్ క్రాపర్, బేస్ డక్ డన్, డ్రమ్స్ ఆల్ జాక్సన్ జూనియర్. ఇద్దరు నల్లవాళ్లు, ఇద్దరు తెల్లవాళ్లు. హోటళ్లలో, బడుల్లో జాతి వివక్ష రాజ్యమేలుతున్న ఊరది. ఆ ఊళ్లో ఈ నలుగురూ ఒకే గదిలో కూర్చుని రోజూ పనిచేశారు. బృందం తరచూ వాడుకున్న లొరెయిన్ మోటెల్‌లోనే 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. ఈ సంగీతం విన్నప్పుడు ఆ సంగతి గుర్తుండాలి.

స్టాక్స్‌లో రాసిపెట్టుకున్న కాగితాలు తక్కువ. ఓటిస్ నోటితో ఊది చూపిస్తే ట్రంపెట్ వేన్ జాక్సన్, సాక్సోఫోన్ ఆండ్రూ లవ్ పట్టుకునేవాళ్లు. అందరూ ఒకేసారి వాయించేవాళ్లు. 'ఓటిస్ బ్లూ'లోని పదకొండు పాటల్లో చాలావరకు 1965 జూలైలో సుమారు ఒక్క రోజులో అయిపోయాయి. మధ్యలో వాద్యకారులు రాత్రి క్లబ్బుల్లో వాయించడానికి వెళ్లి, అర్ధరాత్రి దాటాక తిరిగొచ్చి మిగతావి ముగించారు. అంత హడావిడిలో చేసిన పని అలసిపోయినట్టు ఉండాలి. కానీ వింటే అప్పుడే నిద్రలేచినట్టు ఉంటుంది.

ఇక్కడ చెవి పెట్టాల్సింది ఆల్ జాక్సన్ డ్రమ్స్ మీద. నాలుగు దెబ్బల తాళంలో రెండో దెబ్బ, నాలుగో దెబ్బ రావాల్సిన క్షణానికి వెంట్రుకవాసి ఆలస్యంగా వస్తాయి. విల్సన్ పికెట్ 'ఇన్ ద మిడ్‌నైట్ అవర్' రికార్డ్ చేస్తున్నప్పుడు నిర్మాత జెర్రీ వెక్స్లర్ ఆ రోజుల్లో కుర్రాళ్లు వేసే ఒక డ్యాన్స్ వేసి చూపించి, దెబ్బ అక్కడ పడాలన్నాడు. అప్పటి నుంచి ఆ ఆలస్యం స్టాక్స్ ముద్ర అయింది. క్రాపర్ గిటార్ కూడా అంతే పొదుపు. ఒక్క స్వరం ఎక్కువ వాయించడు. ఇది విన్నాక గిటార్ వాయించడమంటే వేగం అనుకునేవాళ్లు ఆలోచనలో పడతారు.

కొనేముందు, ప్లే చేసేముందు ఒక జాగ్రత్త: 'ఓటిస్ బ్లూ' మోనో (శబ్దమంతా ఒకే ట్రాకులో), స్టీరియో (ఎడమ, కుడి వేర్వేరుగా) రెండు రూపాల్లో దొరుకుతుంది. 'ఐ హావ్ బీన్ లవింగ్ యూ టూ లాంగ్' రెండింటిలో ఒకే రికార్డింగ్ కాదు. నా ఓటు మోనోకే. అందరూ ఒకే చోట గుమిగూడి వాయించిన భావన అందులోనే ఉంది.

1967 డిసెంబర్ 10న విస్కాన్సిన్‌లో విమానం సరస్సులో కూలి ఓటిస్ చనిపోయాడు. 26 ఏళ్లు. అంతకు కొద్ది రోజుల ముందే రికార్డ్ చేసిన 'డాక్ ఆఫ్ ద బే' ఆయన పోయాక అమెరికాలో నంబర్ వన్ అయింది. శాంతంగా సాగే పాటలు కావాలంటే ఆ పేరుతో వచ్చిన ఆల్బమ్ కూడా ఉంది గానీ, మొదలుపెట్టడానికి 'ఓటిస్ బ్లూ'నే సరైనది.

అలబామా: అరెథా ఫ్రాంక్లిన్ ఆల్బమ్

గొంతే ప్రాణం అనుకునేవాళ్లకు, పాడేవాళ్లు పాటను ఎక్కడిదాకా తీసుకెళ్లగలరో వినాలనుకునేవాళ్లకు 'ఐ నెవర్ లవ్డ్ ఎ మ్యాన్ ద వే ఐ లవ్ యూ'కు మించింది లేదు. 1967 మార్చిలో వచ్చింది.

అరెథా అంతకుముందు కొలంబియా కంపెనీలో ఏళ్లపాటు పాడింది. గొంతు గొప్పదని అందరూ ఒప్పుకున్నా, ఏ పాటలు ఇవ్వాలో వాళ్లకు తెలియలేదు. 1967 జనవరిలో జెర్రీ వెక్స్లర్ ఆమెను అలబామాలోని మజిల్ షోల్స్ అనే చిన్న ఊరికి, రిక్ హాల్ నడిపే ఫేమ్ స్టూడియోకు తీసుకెళ్లాడు. ఆమెను పియానో ముందు కూర్చోబెట్టాడు. ఆయన చేసిన అతి ముఖ్యమైన పని అదే. పాట ఎలా మొదలుపెట్టాలో తోచక అందరూ చూస్తుంటే స్పూనర్ ఓల్డమ్ ఎలక్ట్రిక్ పియానో మీద ఒక చిన్న ముక్క వాయించాడు. పాట దొరికింది. టైటిల్ పాట ఆ రోజే అయిపోయింది. ఆ సాయంత్రం నుంచి అరెథా భర్తకూ ఒక వాద్యకారుడికీ, తర్వాత రిక్ హాల్‌కూ గొడవలు ముదిరి, ఒక్క రోజుతోనే అక్కడి పని ఆగిపోయింది. మిగతా ఆల్బమ్‌ను న్యూయార్క్‌లో పూర్తిచేశారు, మజిల్ షోల్స్ వాద్యకారులను అక్కడికే రప్పించి.

డ్రమ్స్ రోజర్ హాకిన్స్, గిటార్ జిమ్మీ జాన్సన్. ఈ ఆల్బమ్‌లో బేస్ టామీ కాగ్‌బిల్. అందరూ తెల్లవాళ్లే, పల్లెటూరి మనుషులే. వీళ్ల గొప్పతనం తగ్గి వాయించడంలో ఉంది. స్టాక్స్ బృందం గాయకుడితో కలబడుతుంది, వీళ్లు గాయనికి చోటిస్తారు. 'డు రైట్ ఉమన్' వినండి. సగం పాటలో ఏమీ లేదనిపిస్తుంది. ఆ ఖాళీలోనే అరెథా గొంతు నిలబడింది. 'లేడీ సోల్' కూడా గొప్పదే, కానీ మొదట ఇదే వినాలి.

1969లో హాకిన్స్, జాన్సన్, బేస్ డేవిడ్ హుడ్, కీబోర్డ్ బ్యారీ బెకెట్ కలిసి సొంతంగా మజిల్ షోల్స్ సౌండ్ స్టూడియో పెట్టుకున్నారు. స్టేపుల్ సింగర్స్ 'ఐల్ టేక్ యూ దేర్' 1972లో వీళ్లు వాయించిందే. అది విన్న గాయకుడు పాల్ సైమన్, ఆ పాటకు వాయించిన జమైకా నల్లవాళ్లు తనకు కావాలని స్టాక్స్‌కు ఫోన్ చేశాడు. అలబామా వెళ్లి చూస్తే తెల్లవాళ్లు. వాళ్లతోనే 1973లో 'దేర్ గోస్ రైమిన్ సైమన్' ఆల్బమ్‌లో చాలా పాటలు చేశాడు. బృందాన్ని బట్టి ఎంచుకోవడమంటే ఇదే.

మెంఫిస్‌లోనే ఇంకో ఇల్లు

ఆల్ గ్రీన్ 'లెట్స్ స్టే టుగెదర్' 1972. దాన్ని రికార్డ్ చేసిన రాయల్ స్టూడియో కూడా పాత సినిమా హాలే. నిర్మాత విల్లీ మిచెల్. గిటార్ టీనీ హాడ్జెస్, బేస్ లెరాయ్, ఆర్గన్ చార్ల్స్, ముగ్గురూ అన్నదమ్ములు. డ్రమ్స్ హోవర్డ్ గ్రైమ్స్, ఆయనతోపాటు స్టాక్స్ ఆల్ జాక్సన్. గట్టిగా పాడతానన్న గ్రీన్‌ను మిచెల్ పట్టుబట్టి మెల్లగా పాడించాడు. రాత్రిపూట తక్కువ సౌండ్‌తో వినడానికి, ఇంట్లో అందరితో కలిసి వినడానికి ఇంతకంటే మంచిది లేదు. అరెథా గాఢంగా, ఓటిస్ తీవ్రంగా అనిపించినవాళ్లు నేరుగా ఇక్కడికి రండి.

రాక్ వైపు నుంచి వచ్చేవాళ్లకు: స్టికీ ఫింగర్స్, లైలా

గిటార్ లేకపోతే మనసొప్పదు అనేవాళ్లకు రెండు దారులున్నాయి.

రోలింగ్ స్టోన్స్ 'స్టికీ ఫింగర్స్' 1971లో వచ్చింది. అందులో 'బ్రౌన్ షుగర్', 'వైల్డ్ హార్సెస్', 'యూ గాటా మూవ్' 1969 డిసెంబర్‌లో మూడు రోజుల్లో పైన చెప్పిన మజిల్ షోల్స్ సౌండ్ స్టూడియోలో రికార్డ్ చేశారు. వాయించింది స్టోన్సే గానీ, రికార్డింగ్ ఇంజనీర్ జిమ్మీ జాన్సన్, అదే అరెథా గిటారిస్టు. 'ఐ గాట్ ద బ్లూస్' విన్నాక 'ఓటిస్ బ్లూ' తెరవండి, ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పాటలో ఆర్గన్ వాయించిన బిల్లీ ప్రెస్టన్, బీటిల్స్ 'గెట్ బ్యాక్' మీద కూడా ఉన్నాడు. బీటిల్స్ తమ పేరు పక్కన ఆయన పేరు వేసి ఆ రికార్డు విడుదల చేశారు. సోల్‌కూ రాక్‌కూ వంతెన వేసిన మనిషి కావాలంటే ప్రెస్టన్ పేరు గుర్తుంచుకోండి. ఒక మాట మాత్రం చెప్పాలి: 'బ్రౌన్ షుగర్' సాహిత్యం బానిస స్త్రీల మీద జరిగిన దౌర్జన్యాన్ని హుషారుగా వాడుకుంది. బీట్ ఎంత బాగున్నా ఆ మాటలు నాకు మింగుడుపడవు. స్టోన్స్ కూడా 2021లో దాన్ని కచేరీల నుంచి తీసేశారు.

రెండోది డెరెక్ అండ్ ద డామినోస్ పేరుతో గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ చేసిన 'లైలా అండ్ అదర్ అసార్టెడ్ లవ్ సాంగ్స్', 1970. స్నేహితుడు, బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ భార్య మీద తన ప్రేమను, పన్నెండో శతాబ్దపు పారశీక కవి నిజామీ రాసిన లైలా మజ్నూ కథలో చూసుకున్నాడు. ఆ కథ మనకు 1949లోనే అక్కినేని, భానుమతి నటించిన సినిమాగా తెలుసు. ఈ ఆల్బమ్‌కు ప్రాణం పోసింది డ్వేన్ ఆల్మన్. మజిల్ షోల్స్‌లో జీతానికి వాయించిన కుర్రాడు. 1968లో విల్సన్ పికెట్ పాడిన 'హే జూడ్' చివర్లో ఆయన గిటార్ విని క్లాప్టన్ ఆశ్చర్యపోయాడు. తర్వాత మయామీలో కలిసి, చాలా పాటల్లో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. 1971 అక్టోబర్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో డ్వేన్ పోయాడు, 24 ఏళ్లకే.

ఏది ముందు? 'లైలా' 77 నిమిషాలు, 14 పాటలు. ఇద్దరు గిటారిస్టులు ఒకరినొకరు తోసుకుంటూ పైకెళ్లడం ఇష్టపడేవాళ్లకు పండగే. కొత్తవాళ్లకు మాత్రం అలసట. అందుకే 'స్టికీ ఫింగర్స్' ముందు, 'లైలా'ను రెండు విడతలుగా తర్వాత.

మెలోడీ ఇష్టపడి, రాక్ గోల వద్దనుకునేవాళ్లు డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్ 'డస్టీ ఇన్ మెంఫిస్' వినొచ్చు. ఇంగ్లాండ్ గాయని, మెంఫిస్ బృందం. పేరులో మెంఫిస్ ఉన్నా ఆమె గొంతు రికార్డ్ చేసింది న్యూయార్క్‌లో.

ఎలా వినాలి

రికార్డ్ ప్లేయర్ కొనాల్సిన పనేమీ లేదు. స్ట్రీమింగ్ చాలు. కానీ ఫోన్ స్పీకర్‌లో వినొద్దు, దయచేసి. చిన్న స్పీకర్ కింది స్వరాలను పలికించలేదు. అంటే జేమర్సన్ మొత్తం పోతాడు. మామూలు ఇయర్‌ఫోన్స్ అయినా పెట్టుకోండి. షఫుల్ ఆపేయండి, ముఖ్యంగా 'వాట్స్ గోయింగ్ ఆన్'కు. ఒకే ఆల్బమ్ నాలుగైదు ఎడిషన్లలో కనిపిస్తే పాటల లెక్క చూడండి: 'వాట్స్ గోయింగ్ ఆన్' 9, 'ఓటిస్ బ్లూ' 11, అరెథా ఆల్బమ్ 11, 'లెట్స్ స్టే టుగెదర్' 9, 'స్టికీ ఫింగర్స్' 10. అంతకంటే ఎక్కువ ఉంటే చివర్లో అదనపు రికార్డింగ్స్ చేర్చారన్నమాట. మొదటిసారి అవి వద్దు.

మొదటిసారి గొంతు వినండి. రెండోసారి గొంతును పక్కన పెట్టి బేస్ ఒక్కటే పట్టుకోండి. అప్పటికీ మనసు లాగకపోతే ఆ బృందం మీది కాదు, ఇంకో ఊరు చూసుకోండి. లాగితే మాత్రం దారి సులభం: జేమర్సన్ నచ్చినవాళ్లు మోటౌన్‌లో ఫోర్ టాప్స్, సుప్రీమ్స్ 1960ల పాటలకు వెళ్లండి. ఆల్ జాక్సన్ నచ్చినవాళ్లకు బుకర్ టి. బృందం గాయకుడే లేకుండా చేసిన 'గ్రీన్ ఆనియన్స్' ఉంది. హాకిన్స్, హుడ్ నచ్చినవాళ్లు స్టేపుల్ సింగర్స్ 1972 ఆల్బమ్ 'బీ ఆల్టిట్యూడ్: రెస్పెక్ట్ యువర్‌సెల్ఫ్' వినండి. హాడ్జెస్ సోదరుల కోసమైతే ఆల్ గ్రీన్ 1973 ఆల్బమ్ 'కాల్ మీ'.